లేకాక్: ఊరంతా ఒకే చేతిలో ఉండిపోతే ఏమవుతుంది

ఇంగ్లండ్ పల్లెటూరు అని నెట్‌లో వెతికితే వచ్చే ఫొటోలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి, రాతి ఇళ్లు, కొంచెం వంగిపోయిన పైకప్పులు, గుమ్మం పక్కన గులాబీ తీగ, వెనకాల ఒక చర్చి గోపురం. చూసినవాళ్లంతా అబ్బ ఎంత బాగా కాపాడుకున్నారో అంటారు. కానీ ఈ ఊళ్ల చరిత్రలోకి కొంచెం దిగితే కాపాడుకోవడం అనేది చాలా లేటుగా, దాదాపు ఆఖర్లో వస్తుంది. అంతకు ముందు జరిగింది ఏంటంటే, ఒకప్పుడు బాగా డబ్బొచ్చింది, ఆ డబ్బుతో గట్టిగా ఇళ్లు కట్టుకున్నారు, తర్వాత ఆ డబ్బు ఆగిపోయింది, పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేక ఉన్నవే అలా ఉండిపోయాయి. విల్ట్‌షైర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉన్న లేకాక్ అనే ఊరు ఈ కథకి మంచి ఉదాహరణ. పైగా ఇక్కడ ఇంకో విచిత్రం కూడా ఉంది, దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా ఈ ఊరు ఇంచుమించు మొత్తం ఒక్క ఓనర్ చేతిలోనే ఉంటూ వచ్చింది. మొదట సన్యాసినుల మఠం, తర్వాత ఒక కుటుంబం, ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ అనే, పాత కట్టడాల్ని కాపాడే సంస్థ. లేకాక్ అందం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే ఈ ఓనర్ల సంగతి తెలియాలి.

ఊరు లండన్‌కి పడమరగా సుమారు వంద మైళ్ల దూరంలో, చిప్పెన్‌హామ్ అనే టౌన్‌కి మూడు మైళ్లు దక్షిణంగా ఉంటుంది. పక్కనే ఏవన్ నది, ఊళ్లోంచి ఒక చిన్న వాగు. 1086లో రాజు విలియం దేశమంతా ఆస్తుల లెక్క రాయించాడు కదా, ఆ డూమ్స్‌డే పుస్తకంలోనే లేకాక్ పేరుంది, రెండు మిల్లులు, ఒక ద్రాక్ష తోట ఉన్నట్టు రాశారు. అంటే మఠం రాకముందే అది ఒక మాదిరి ఊరు. కానీ ఇప్పుడు మనం చూసే లేకాక్ మాత్రం ఒక ఆడమనిషి నిర్ణయంతో మొదలైంది.

ఆవిడ పేరు ఈలా, సాల్స్‌బరీ కౌంటెస్. సొంత హక్కుతో వచ్చిన పదవి, మొగుడి వల్ల వచ్చింది కాదు, ఇంకా చెప్పాలంటే ఆవిడ వల్లే మొగుడికి ఆ బిరుదు దక్కింది. భర్త విలియం లాంగ్‌స్పే, రాజు రెండో హెన్రీకి పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు. ఆయన 1226లో చనిపోతే, కొత్తగా కడుతున్న సాల్స్‌బరీ కెథెడ్రల్‌లో మొదటగా సమాధి చేసింది ఆయన్నే. ఆ కాలంలో అంత ఆస్తి ఉన్న విధవరాలిని రాజు ఎవరికో ఒకరికి కట్టబెట్టేసేవాడు, ఆస్తి కూడా అటే పోయేది. ఈలా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. విల్ట్‌షైర్‌కి షెరీఫ్‌గా, అంటే ఆ కౌంటీలో రాజు తరఫు అధికారిగా కూడా పని చేసింది, పదమూడో శతాబ్దంలో ఆడవాళ్లకి ఆ ఉద్యోగం అంటే చిన్న విషయం కాదు. 1232లో ఏప్రిల్ నెలలో ఒకే రోజు పొద్దున లేకాక్‌లో ఆడవాళ్ల మఠానికి, మధ్యాహ్నం హింటన్ అనే చోట మగవాళ్ల మఠానికి శంకుస్థాపన చేసిందని చెప్తారు. తర్వాత తనే లేకాక్‌లో సన్యాసినిగా చేరి, మఠానికి అధిపతి అయ్యి, 1261లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఇంగ్లండ్ చరిత్ర చెప్పేటప్పుడు రాజుల పేర్లు వరస పెట్టి చెప్తారు గానీ ఈవిడ పేరు మాత్రం చాలామందికి తెలీదు, అది బాధగా ఉంటుంది.

మఠానికి ఊరు ఆస్తిగా వచ్చింది, మఠం ఆ ఊరిని ఒక పద్ధతిగా పెంచింది. లేకాక్ నడిబొడ్డు అంటే నాలుగు వీధులే, హై స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్, ఈస్ట్ స్ట్రీట్, నాలుగూ కలిసి ఒక చతురస్రంలా ఉంటాయి. వారపు సంత పెట్టుకునే హక్కు కూడా మఠానికి పదమూడో శతాబ్దంలోనే వచ్చింది, హై స్ట్రీట్ అంత వెడల్పుగా ఉంటే సంతకీ పనికొచ్చేది. ఈస్ట్ స్ట్రీట్ మూల మీద పద్నాలుగో శతాబ్దం నాటి పెద్ద కొట్టం ఇప్పటికీ ఉంది, దాన్ని టైద్ బార్న్ అంటారు. రైతులు మఠానికి కట్టే అద్దెలు, పన్నులు డబ్బు రూపంలో కాకుండా ధాన్యం, తోళ్లు, గొర్రె ఉన్ని రూపంలో ఇస్తే అక్కడ నిల్వ చేసేవాళ్లు. లోపలికెళ్తే నేల మామూలు మట్టి నేలే, పైన మాత్రం వంపు తిరిగిన ఓక్ దూలాలు వరసగా ఒకదాని వెనక ఒకటి. దాన్ని ఆనుకునే ఒక చిన్న గుండ్రటి గోపురం గది ఉంది, అది తర్వాతి కాలంలో తాగి గొడవ చేసినవాళ్లని రాత్రికి పడేసే లాకప్. పన్నుల గోదాము, తాగుబోతుల జైలు ఒకే గోడకి అటూ ఇటూ ఉండటం చూస్తే ఊరి పెత్తనం ఎలా నడిచేదో బాగా తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. అప్పట్లో ఇంగ్లండ్ సంపద అంటే ఉన్ని. మొదట ముడి ఉన్నిని ఫ్లాండర్స్‌కి (ఇప్పటి బెల్జియం వైపు) ఎగుమతి చేసేవాళ్లు, పద్నాలుగో శతాబ్దం నుంచి మెల్లగా ఇక్కడే బట్ట నేయడం పెరిగింది. విల్ట్‌షైర్, గ్లాస్టర్‌షైర్, సోమర్‌సెట్ ఈ మూడు కౌంటీలు కలిసిన పడమటి ప్రాంతం బ్రాడ్‌క్లాత్ అనే దట్టమైన ఉన్ని బట్టకి పేరుపడింది. నేత ఇళ్లలోనే జరిగేది, మగ్గం చాలా వెడల్పు కాబట్టి ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాడెని అటు నుంచి ఇటు విసురుకోవాలి. నేసిన బట్టని నీళ్లలో తడిపి సుత్తులతో కొట్టి దట్టం చేసే మిల్లులకి వాగులు, నదులు కావాలి, లేకాక్ దగ్గర అవి ఉన్నాయి. మనకిప్పుడు ముద్దుగా కనిపించే ఈ వీధులన్నీ ఆ రోజుల్లో పక్కా ఇండస్ట్రియల్ ఏరియా అనుకోవాలి, ఉన్ని వాసన, రంగుల కుండలు, మగ్గాల చప్పుడు.

ఇళ్లు ఎలా కట్టారో దగ్గర్నుంచి చూడాలంటే చర్చ్ స్ట్రీట్‌లో క్రక్ హౌస్ అనే ఇల్లు ఉంది. దాని పక్క గోడ తెరుచుకుని ఉండటంతో లోపలి అస్థిపంజరం బయటికే కనిపిస్తుంది. సహజంగా వంగి పెరిగిన ఒక ఓక్ చెట్టు మానుని నిలువునా రెండుగా చీలుస్తారు, ఆ రెండు ముక్కలు అద్దంలో బొమ్మల్లా ఒకే వంపుతో వస్తాయి కదా, వాటిని ఎదురెదురుగా నిలబెట్టి పైన కలిపితే నేల నుంచి శిఖరం దాకా ఒకే కమాను తయారవుతుంది, బరువంతా దాని మీదే. గోడలు బరువు మోయక్కర్లేదు కాబట్టి మధ్యలో సన్న కొమ్మలు అల్లి, మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తేవాళ్లు, మన పల్లెల్లో తడిక కట్టి మట్టి మెత్తే గోడ ఎలాగో ఇంచుమించు అదే పద్ధతి. ఓక్ కలపని పచ్చిగా ఉన్నప్పుడే వాడేవాళ్లు, ఎండాక చెక్కడం కష్టం. అది గోడలో ఉండగానే ఏళ్ల తరబడి ఎండుతూ మెలి తిరుగుతుంది, పైన రాతి పలకల బరువు ఎలాగూ ఉంది, అందుకే ఆ ఇళ్లు అలా ఓ పక్కకి ఒరిగినట్టు, పైకప్పు నడుం వంగినట్టు ఉంటాయి. చూసేవాళ్లకి అది అందం, కట్టినవాళ్లకి అది మామూలుగా జరిగే పనే. పైకప్పు రాతి పలకలు కూడా గమనించాల్సినవి, కింద చూరు దగ్గర పెద్దవి, పైకి పోయే కొద్దీ చిన్నవి, బరువు కింద గోడ మీద పడేలా పేర్చారు.

వెస్ట్ స్ట్రీట్‌లో జార్జ్ ఇన్ అనే పాత సత్రం ఉంది, 1361 నుంచి నడుస్తోందని చెప్పుకుంటారు. దాని పొయ్యి దగ్గర గోడకి ఒక చెక్క చక్రం బిగించి ఉంటుంది. మాంసాన్ని నిప్పు మీద గంటలు గంటలు తిప్పుతూ కాల్చాలి, ఆ తిప్పే పని కోసం పొట్టి కాళ్లు, పొడుగు ఒళ్లు ఉన్న కుక్కల్ని ప్రత్యేకంగా పెంచేవాళ్లు, కుక్క చక్రం లోపల నడుస్తూ ఉంటే బయట ఊచ తిరుగుతుంది. ఆ రకం కుక్కలే ఇప్పుడు లేవు, పని పోయింది, జాతి కూడా పోయింది. పాత ఊళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ హాయైన పొయ్యి మంట వెనక ఎంత చాకిరీ ఉందో, మనుషులదీ జంతువులదీ, అది ఆ చక్రం ముందు నిలబడితే అర్థమవుతుంది.

ఊరి చర్చి సెయింట్ సిరియాక్ పేరు మీద ఉంది, పదిహేనో శతాబ్దంలో ఉన్ని డబ్బుతో పెద్దది చేసి కట్టారు, అంత చిన్న ఊరికి అంత పెద్ద కిటికీలు అంటే డబ్బు ఎంత వచ్చి పడిందో ఊహించుకోవచ్చు. ఈ చర్చిలో ఒక వెండి కప్పు ఉండేది, పదిహేనో శతాబ్దానిది, మూతతో సహా. అసలు అది ఏదో పెద్దింట్లో విందుల్లో తాగడానికి చేయించిన కప్పు, తర్వాత ఎప్పుడో చర్చికి చేరి సుమారు నాలుగు వందల ఏళ్లు ప్రార్థనల్లో వాడారు. ఇంగ్లండ్ క్యాథలిక్ పద్ధతి వదిలి ప్రొటెస్టంట్‌గా మారిన కాలంలో పాత చర్చి వెండి చాలావరకు కరిగించేశారు, ఇది మతం గుర్తులేవీ లేని సాదా కప్పు కావడం కలిసొచ్చింది. చాలా ఏళ్లు బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉంచి, చివరికి 2013లో చర్చి దాన్ని అమ్మింది, బ్రిటిష్ మ్యూజియం, విల్ట్‌షైర్ మ్యూజియం కలిసి 13 లక్షల పౌండ్లకి కొన్నాయి. చర్చి రిపేర్లకి డబ్బు కావాలి అనేది అమ్మకానికి కారణం, ఊరి వస్తువు ఊళ్లోనే ఉండాలి కదా అనేది ఒప్పుకోనివాళ్ల మాట, ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది. పాత ఊరిని నిలబెట్టడం అంటే ఇలాంటి బేరాలే ఎక్కువ.

1539లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూసేస్తుంటే లేకాక్ వంతు కూడా వచ్చింది. సన్యాసినులకి పెన్షన్ ఇచ్చి పంపేసి, మఠాన్ని 1540లో విలియం షారింగ్టన్ అనే ఆయనకి 783 పౌండ్లకి అమ్మేశారు. ఈయన కొంచెం తేడా మనిషి. మఠంలోని చర్చిని పడగొట్టించాడు గానీ సన్యాసినులు తిరిగే స్తంభాల వసారాలు, వంటిల్లు, కింది గదులు అలాగే ఉంచి వాటి మీదే తన ఇల్లు కట్టుకున్నాడు, మూలన ఎనిమిది పలకల టవర్ ఒకటి లేపాడు. బ్రిస్టల్ టంకశాలలో ఉద్యోగం చేస్తూ నాణేల్లో వెండి తగ్గించి లాభం తీసుకున్నాడు, 1549లో పట్టుబడి జైలుకెళ్లాడు, ఆస్తి జప్తయింది, కానీ ప్రాణాలతో బయటపడి, డబ్బు కట్టి ఆస్తి వెనక్కి తెచ్చుకుని, మూడేళ్లు తిరక్కుండా అదే విల్ట్‌షైర్‌కి షెరీఫ్ అయ్యాడు. మంచోడో చెడ్డోడో గానీ మిగతా కొత్త ఓనర్లు చాలామంది లాగా మఠం రాళ్లన్నీ పీకి అమ్మేసుకోలేదు, దాని ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది.

అతని తమ్ముడి కూతురు ఆలివ్, జాన్ టాల్‌బట్ అనే అబ్బాయిని ప్రేమించింది, ఇంట్లో ఒప్పుకోలేదు. ఒక రాత్రి మఠం గోడ మీద నుంచి కిందున్న అతని మీదకి దూకేసిందట, గాలికి గౌను విచ్చుకుని కాస్త నెమ్మదిగా పడింది గానీ అతను మాత్రం చచ్చినంత పనై స్పృహ తప్పి పడిపోయాడట, ఇంత ధైర్యం చేసిన పిల్లకి ఇంక పెళ్లి చేయక తప్పదని తండ్రి ఒప్పేసుకున్నాడట. పదిహేడో శతాబ్దంలో జాన్ ఆబ్రీ అనే ఆయన రాసిపెట్టిన కథ ఇది, ఎంత నిజమో ఎవరి నమ్మకం వాళ్లది. పెళ్లి మాత్రం నిజం. ఆ పెళ్లితో లేకాక్ టాల్‌బట్ కుటుంబానికి వెళ్లింది, 1944 దాకా వాళ్లదే.

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. పద్దెనిమిదో శతాబ్దం తర్వాత ఊరు ఎందుకు మారలేదు? నేత పని ఇళ్లలోంచి ఫ్యాక్టరీలకి పోయింది, ఫ్యాక్టరీలు పక్క టౌన్లకి, తర్వాత ఉత్తరాన యార్క్‌షైర్‌కి పోయాయి. లేకాక్‌లో మిగిలింది వ్యవసాయం, ఎస్టేట్ పనులు, కొద్దిపాటి చేతి పనులు. డబ్బున్న ఊళ్లలో ఆ కాలంలో ఏం చేశారంటే పాత కలప ఇళ్ల ముందు భాగం తీసేసి ఇటుకతోనో చెక్కిన రాయితోనో కొత్త ఫ్యాషన్ ముఖం పెట్టించుకున్నారు. లేకాక్‌లో కూడా కొన్ని ఇళ్లకి అది జరిగింది, కానీ తక్కువ. తూర్పు ఇంగ్లండ్‌లో సఫక్ కౌంటీలోని లావెన్‌హామ్ అనే ఊరు ఇదే విషయం ఇంకా గట్టిగా చెప్తుంది, పదహారో శతాబ్దం మొదట్లో పన్ను లెక్కల ప్రకారం దేశంలోని ధనిక ఊళ్లలో అదొకటి, తర్వాత తేలికైన, చవకైన బట్టలు నేసేవాళ్లు పోటీకొచ్చేసరికి దాని నీలం బట్ట వ్యాపారం కూలిపోయింది, అప్పటి కలప ఇళ్లు అలాగే మిగిలాయి. ఇప్పుడు టూరిస్టులు అక్కడ ఫొటోలు తీసుకునే ప్రతి వంకర ఇల్లూ ఒక దివాలా తీసిన వ్యాపారానికి గుర్తే. ఈ మాట కొంచెం కఠినంగా ఉన్నా నిజం.

అయితే పేదరికం ఒక్కటే చాలదు, పేద ఊళ్లు కూలిపోయి మట్టిలో కలిసిన సందర్భాలు ఎన్నో. లేకాక్‌లో ఇళ్లన్నీ ఎస్టేట్‌వి కావడంతో ఒక్కో అద్దెదారు తన ఇష్టానికి పడగొట్టడానికి లేదు, అదే సమయంలో ఎస్టేట్ తన ఆస్తి కాబట్టి కూలిపోకుండా రిపేర్లు చేయిస్తూ వచ్చింది. ఒకే ఓనర్ ఉంటే ఊరు బాగుపడుతుందని దీన్నిబట్టి రూలు పెట్టేయడం మాత్రం తప్పు. డార్సెట్‌లో మిల్టన్ అనే ఊరికీ ఒకడే ఓనర్, లార్డ్ మిల్టన్. తన బంగళా ముందు ఊరు అడ్డంగా ఉందని 1780 ప్రాంతంలో ఆ పాత మార్కెట్ టౌన్ మొత్తాన్ని నేలమట్టం చేయించి, కొంచెం దూరంలో ఒకే రకం గడ్డి కప్పుల ఇళ్లతో మిల్టన్ ఆబస్ అనే కొత్త పల్లె కట్టించి జనాన్ని అక్కడికి తోలేశాడు. ఇప్పుడు ఆ మిల్టన్ ఆబస్ కూడా అందమైన ఊళ్ల లిస్టులోనే ఉంది! అంటే లేకాక్ మిగలడానికి కారణం ఓనర్ ఒక్కడే ఉండటం, ఆ ఓనర్‌కి ఊరిని మార్చేంత పిచ్చి గానీ డబ్బు గానీ లేకపోవడం, ఈ రెండూ కలిసి రావడం. అదృష్టం అనే మాట ఇక్కడ వాడొచ్చు.

ఈ టాల్‌బట్‌ల వంశంలోనే విలియం హెన్రీ ఫాక్స్ టాల్‌బట్ పుట్టాడు, 1800లో. లెక్కలు, కెమిస్ట్రీ, మొక్కలు, పాత భాషలు, ఆయన చేయి పెట్టని సబ్జెక్ట్ లేదు, కొన్నాళ్లు ఎంపీ కూడా. 1833లో భార్య కాన్‌స్టెన్స్‌తో ఇటలీలో కోమో సరస్సు దగ్గర బొమ్మలు గీయబోతే ఆయనకి చేతకాలేదు, ప్రకృతి బొమ్మ తనంతట తానే కాయితం మీద ముద్ర పడితే ఎంత బాగుంటుంది అనే ఆలోచన అక్కడ పుట్టింది. ఇంటికొచ్చి మంచి రాత కాయితాన్ని ఉప్పు నీళ్లలో ముంచి, ఆరబెట్టి, మీద సిల్వర్ నైట్రేట్ పూశాడు, రెండూ కలిస్తే వెలుగు తగిలిన చోట నల్లబడే పదార్థం వస్తుంది. చిన్న చెక్క డబ్బాలకి లెన్స్ బిగించి ఇంటి చుట్టూ అక్కడక్కడా పెట్టేవాడు, కాన్‌స్టెన్స్ వాటిని ఎలకల బోనులు అనేది. 1835 ఆగస్టులో లేకాక్ అబ్బే (ఆ పాత మఠాన్నే ఇలా అంటారు) దక్షిణం వైపు గ్యాలరీలో చిన్న చిన్న అద్దాల గళ్లున్న కిటికీ ఒకదాన్ని అలా పట్టాడు. పెద్ద సైజు తపాలా బిళ్లంత కాయితం, అందులో వెలుగు నల్లగా, చీకటి తెల్లగా. మొదట చేసినప్పుడు భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 గాజు గళ్లు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉందని ఆయనే పక్కన రాసుకున్నాడు. ఇప్పటికి మిగిలిన కెమెరా నెగటివ్‌లలో అన్నిటికన్నా పాతది అదే. ఆ కిటికీ ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్లినవాళ్లు దాని ముందు నిలబడి ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

1839 జనవరిలో ఫ్రాన్స్‌లో డాగెర్ అనే ఆయన ఫొటో తీసే తన పద్ధతి బయటపెట్టాడని తెలిసేసరికి టాల్‌బట్‌కి గుండె ఆగినంత పనైంది, నాలుగేళ్ల క్రితం పనిని పెట్టెలో పెట్టుకుని కూర్చున్నాడు మరి. గబగబా లండన్‌లో తన బొమ్మలు చూపించాడు. డాగెర్ బొమ్మ లోహపు పలక మీద చాలా స్పష్టంగా వస్తుంది గానీ ఒక్కటే కాపీ. టాల్‌బట్ కాయితం నెగటివ్ నుంచి ఎన్ని కాపీలైనా తీయొచ్చు. 1840లో గాలిక్ యాసిడ్‌తో కనిపించని బొమ్మని పైకి తేవడం కనిపెట్టాక గంట పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది, 1841లో పేటెంట్ తీసుకున్నాడు, పేరు కాలోటైప్. డిజిటల్ వచ్చేదాకా ప్రపంచంలో ఫిల్మ్ మీద తీసిన దాదాపు ప్రతి పెళ్లి ఫొటోకీ మూలసూత్రం ఆ నెగటివ్, పాజిటివ్ పద్ధతే. ఆయన తీసిన బొమ్మల్లో రాజులూ యుద్ధాలూ లేవు, చాలావరకు లేకాకే. గడ్డివాము, దానికి ఆనించిన నిచ్చెన, సగం తెరిచిన తలుపు పక్కన వాలుగా పెట్టిన చీపురు. ఒక మామూలు చీపురు నీడని అంత శ్రద్ధగా చూడటం అనేదే ఆ ఊరు ప్రపంచానికి ఇచ్చిన అసలు వస్తువు అని గట్టిగా చెప్పొచ్చు.

ఈ కాయితం నెగటివ్ మన వైపు కూడా వచ్చింది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని అధికారిక ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. గాజు పలకల మీద తడి రసాయనం పూసి తీసే కొత్త పద్ధతి అప్పటికే వచ్చింది గానీ మన ఎండలకి ఆ తడి ఇట్టే ఆరిపోతుంది, ఎద్దుబండి మీద గాజు మోసుకెళ్లడం కూడా కష్టమే, అందుకని కాయితం నెగటివ్‌లు ఇక్కడ బాగా పనికొచ్చాయి. శ్రీరంగం, మదురై, తంజావూరు గుళ్లని ట్రైప్ అలా తీశాడు. 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్ని కూడా ఫొటోలు తీశాడు. వాల్టర్ ఇలియట్ 1845లో గుంటూరు ప్రాంతంలో పనిచేస్తూ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసు పంపిన రాళ్లవి, ఆ వెంటనే 1859లో లండన్‌కి ఓడెక్కించేశారు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి ఆ రాళ్లు మన నేల మీద చివరిసారి ఎలా ఉన్నాయో చూపించే రికార్డు కూడా ఫొటోగ్రఫీ పుణ్యమే.

లేకాక్‌కి వస్తే, టాల్‌బట్ మనవరాలు మటిల్డాకి 1916లో ఎస్టేట్ వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్‌లో పెద్ద ఎస్టేట్‌లు వరసగా ముక్కలై అమ్ముడుపోయాయి, వారసత్వ పన్నులు కట్టలేక చాలా బంగళాలు కూల్చేశారు కూడా. మటిల్డా 1944లో అబ్బేతో పాటు ఊరినీ నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చేసింది, యుద్ధం ఇంకా నడుస్తుండగానే. ఆ తర్వాత ఇంకో పని చేసింది. 1225లో మూడో హెన్రీ జారీ చేసిన మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం) అసలు ప్రతి ఒకటి, ఈలా కాలం నుంచీ లేకాక్‌లోనే పడి ఉంది, దాన్ని జాతికి ఇచ్చేసింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఏడు వందల ఏళ్లు ఒక పల్లెటూరి ఇంట్లో ఉన్న పత్రం! ఊరు మొదలుపెట్టింది ఒక ఆడమనిషి, ఊరిని చీలిపోకుండా అప్పజెప్పింది ఇంకో ఆడమనిషి.

ట్రస్ట్ చేతికొచ్చాక పరిస్థితి మారింది. 1907 నాటి చట్టం ప్రకారం ట్రస్ట్ ఒక ఆస్తిని శాశ్వత ఆస్తిగా ప్రకటిస్తే దాన్ని మళ్లీ అమ్మడానికి లేదు. ఊళ్లో జనం మాత్రం ఉన్నారు, మ్యూజియం కాదు, చుట్టుపక్కల చిన్న పల్లెలతో కలిపి వెయ్యి మంది పైచిలుకు. స్కూలు, పబ్బులు, బేకరీ అన్నీ నడుస్తాయి. కానీ ఎక్కువమంది అద్దెదారులే, తరాలుగా ఉంటున్నా ఆ ఇల్లు కొనుక్కోవడానికి ఉండదు, బయట మార్పులకి ట్రస్ట్ పర్మిషన్ కావాలి. వైర్లు, యాంటెన్నాలు కంటికి కనపడకుండా చూస్తారు. దీని వల్లే కెమెరావాళ్లకి ఇది స్వర్గం, పాత కాలం సీరియళ్లు చాలా ఇక్కడే తీశారు, హ్యారీ పాటర్ సినిమాల్లో హాగ్వర్ట్స్ వసారాలు కొన్ని ఈ అబ్బేవే, సన్యాసినులు తిరిగినవి. షూటింగ్ అంటే వీధి మీద మట్టి పోసి, కార్లు తీయించి, ఊళ్లోవాళ్లు తమ ఇంటికి తామే చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఇందులో లాభం ఏంటి నష్టం ఏంటి అని లెక్క చూస్తే ఒక విషయం ట్రస్ట్ పక్షాన చెప్పాలి. చుట్టుపక్కల కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతంలోని అందమైన ఊళ్లలో లండన్ డబ్బు వచ్చి ఇళ్లు కొనేసి, వీకెండ్‌కి మాత్రం వచ్చి పోతుంటే, మామూలు రోజుల్లో సగం కిటికీలు చీకటిగా ఉంటున్నాయి, అక్కడే పుట్టిన పిల్లలకి అక్కడ ఇల్లు దొరకదు. అమ్మకమే లేని చోట అలా కొనేసేవాళ్లకి దారి లేదు. కానీ అద్దెలు పెరిగితే ఫలితం ఇంచుమించు అదే అవుతుంది, కాబట్టి ఊరు బతికుండటం అనేది ట్రస్ట్ ఎవరికి, ఎంతకి ఇల్లు ఇస్తుంది అనే దాని మీదే ఆధారపడి ఉంది. పాత గోడల గురించి అంత పట్టించుకునే సంస్థ ఆ గోడల మధ్య ఎవరుండాలో కూడా అంతే పట్టించుకోవాలి, ఇక్కడ మెతక మాటలు అక్కర్లేదు.

యూకేలో ఉండే మనవాళ్లు స్టోన్‌హెంజ్, బాత్ చూసే ట్రిప్‌లో మధ్యలో అరగంట ఇక్కడ ఆగి హై స్ట్రీట్‌లో ఫొటో దిగి వెళ్లిపోతుంటారు, అరగంట చాలదు. కారు ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి, చర్చ్ స్ట్రీట్ చివర వాగు దాకా నడిస్తే సరుకు మోసే గుర్రాల కోసం కట్టిన సన్నటి రాతి వంతెన కనిపిస్తుంది, ఉన్ని మూటలు పోయిన దారి అలా ఉండేది. టైం ఉంటే అదే రోజు దక్షిణంగా బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ కూడా చూడాలి, అదీ ఉన్ని ఊరే, అక్కడా పద్నాలుగో శతాబ్దపు మఠం కొట్టం ఉంది, లేకాక్ దానికన్నా చాలా పెద్దది. కానీ అక్కడ ఆస్తి ఒక్కరిది కాదు, నది ఒడ్డున బట్టల మిల్లులు లేచాయి, బట్ట పోయాక 1848లో స్టీఫెన్ మౌల్టన్ పాత మిల్లులో రబ్బరు ఫ్యాక్టరీ పెట్టాడు, ఊరు కొండ మీదకి పాకి పెరిగింది. రెండు ఊళ్లూ ఒకే ఉన్నితో మొదలయ్యాయి, ఒకటి మగ్గాల దగ్గర ఆగింది, ఇంకోటి మిల్లుల్లోకి వెళ్లింది, వీధుల వెడల్పు దగ్గర్నుంచి గోడల రంగు దాకా ఆ తేడా కనిపిస్తుంది.